పోరుమామిళ్ల నుంచి పోతిరెడ్డిపాడు దాకా

‘గవర్మెంటు పాలసీ’ అనే మాట ఇవాళ కర్నూలు, కడప పల్లెల్లో రచ్చబండ మీద కూడా వినిపిస్తుంది. అదే పాలసీ ఇంట్లో ఎల్‌ఐసీ కాగితం. పత్రికల్లో రాసేది విధానం. పూర్వం ఈ పని నీతి అనే మాట చేసేది. రాజనీతి అన్నప్పుడు తప్ప ఆ అర్థం జారిపోయి, ఇప్పుడు నీతి అంటే మంచి నడవడే. పేర్లు ఎన్ని మారినా, వానలు సరిగా పడని ఈ సీమలో ఏలినవాళ్లను జనం అడిగింది రెండే: నీళ్లెవరికి? శిస్తెంత?

మొదటిదానికి గట్టి జవాబు బద్వేలు దాటాక పోరుమామిళ్లలో రాతి మీద ఉంది. బుక్కరాయల కొడుకు భాస్కరుడు ఉదయగిరి సీమను ఏలుతూ అక్కడ పెద్ద చెరువు కట్టించాడు. రోజుకు వెయ్యి మంది కూలీలు, నూరు బండ్లు, రెండేళ్ల పని. 1369 నాటి ఆ సంస్కృత శాసనం దాత కీర్తితో ఆగిపోదు. మంచి చెరువుకు కావలసిన 12 అంగాలు చెబుతుంది: ధర్మం తెలిసిన రాజు, జలశాస్త్రం తెలిసినవాడు, గట్టి నేల, దూరం నుంచి వచ్చే తియ్యనీటి ఏరు, కొండల నడుమ బిగువైన రాతికట్ట, దగ్గర్లో రాతిగని, పనితెలిసిన కూలీలు, ఇలా. తర్వాత ఆరు దోషాలు: కట్ట ఊరడం, చవిటి నేల, రెండు రాజ్యాల పొలిమేరలో ఉండటం, చెరువు నడుమ మెరక, నీరు తక్కువై ఆయకట్టు ఎక్కువ కావడం, నీరు ఎక్కువై ఆయకట్టు తక్కువ కావడం. పొలిమేర దోషాన్ని ఆరింటిలో చేర్చినవాళ్లకు నీళ్ల తగాదాలు ఎలా పుడతాయో బాగా తెలుసు. ఆ తర్వాత వచ్చిన ఎన్నో సాగునీటి పత్రాల కంటే నాకు ఈ శాసనం మీద గౌరవం ఎక్కువ.

శిస్తు సంగతి మన్రో కాలంలో తేలింది. 1800లో నిజాం ఈ సీమను కుంపిణీకి వదిలేశాక, 1807 దాకా థామస్ మన్రో ఇక్కడ ప్రధాన కలెక్టరు. 33 అడుగుల గొలుసుతో పొలం పొలం కొలిపించి, జమీందారుతో పని లేకుండా రైతు పేరనే శిస్తు కట్టించాడు. రైత్వారీ అంటే అదే. వేసిన శిస్తు మోయలేనిదని ఆయనే గ్రహించాడు. నాలుగో వంతు తగ్గించాలనీ, బావుల కింది తోటలకు ఇంకొంచెం తగ్గించాలనీ 1807లో పైకి రాశాడు. పైవాళ్లు వినలేదు. పైగా రైత్వారీనే తీసేసి, ఊళ్లను మొదట మూడేళ్లకు, తర్వాత పదేళ్లకు గుత్తకిచ్చారు. మన్రో 1820లో గవర్నరై తిరిగొచ్చాకే ఆ తగ్గింపు అమలైంది. నడుమ పోయిన 13 ఏళ్లూ రైతు నెత్తినే పడ్డాయి. అయినా సీమ ఆయన్ని మరవలేదు. పిల్లలకు మన్రోలప్ప అని పేరు పెట్టుకుంది. 1827లో ఆయన కలరాతో కన్నుమూసింది పత్తికొండలోనే.

మన్రో గవర్నరైన ఏడాదే సి.పి. బ్రౌన్ కడపకు ఉద్యోగానికి వచ్చాడు. జమాబందీ, మామూలు, హుకుం వంటి కచేరీ మాటలు రైతు బతుకును శాసించేవి. అవి తెలియనివాడికి తన హక్కూ తెలిసేది కాదు. ఇలాంటి అన్యదేశ్యాల కోసమే బ్రౌన్ 1854లో మిశ్రభాషా నిఘంటువు వేయించాడు.

నిఘంటువుతో తీరని కష్టాలూ ఉన్నాయి. ఊరి కాపలా కాసే కట్టుబడి బంట్లకు తరతరాలుగా ఈనాం భూములుండేవి. వాటిని సర్కారు తిరిగి తీసుకోబోతే ఆ బంట్లు ఉయ్యాలవాడ నరసింహారెడ్డి వెంట నడిచారు. 1846లో కోయిలకుంట్ల ఖజానా మీద పడ్డారు. 1847 ఫిబ్రవరి 22న ఆయన్ని అక్కడే ఉరితీశారు.

అన్నీ పైనుంచి దిగినవే. కోస్తా, సీమ నాయకులు కలిసి కూర్చుని రాసుకున్నది ఒక్కటే: 1937 నవంబరు 16న మద్రాసులో కాశీనాథుని నాగేశ్వరరావు ఇంట కుదిరిన శ్రీబాగ్ ఒడంబడిక. కృష్ణా, తుంగభద్ర, పెన్నా నీళ్లలో పదేళ్లపాటు సీమకే మొదటి హక్కు. రాజధాని, హైకోర్టుల్లో ఏది కావాలో కోరుకునేదీ సీమే. ఆ లెక్కన 1953లో కర్నూలు రాజధాని అయింది, మూడేళ్లకు పోయింది. నీళ్ల మాట నిలవలేదు. ఇక్కడి సభల్లో శ్రీబాగ్ పేరు నేటికీ వినిపించేది అందుకే.

ఇప్పుడు సీమలో విధానం అంటే జీవో. శ్రీశైలంలో కనీస నీటిమట్టాన్ని 1996లో 69వ జీవో 834 అడుగులకు దించింది. 2004లో 107వ జీవో మళ్లీ 854కు తెచ్చింది. రైతులు పోరాడి సాధించుకున్న అంకె అది. కానీ 854 దగ్గర పోతిరెడ్డిపాడు తూములకు అందేది కొద్ది నీరే; నిండుగా పారాలంటే మట్టం 880 దాటాలి. తెలుగుగంగకు, శ్రీశైలం కుడి కాలువకు (ఎస్సార్బీసీ) నీళ్లు పోయేది ఈ తూముల గుండానే. రెండు రాష్ట్రాల పొలిమేరలో ఉన్న ఆ జలాశయంలో రెండు గట్లా కరెంటు తీస్తారు. అది 880 మీద ఎన్నాళ్లు నిలుస్తుందన్నది జీవోలో లేదు. ఆ సంగతి తేల్చేచోట సీమ రైతుకు కుర్చీ ఉండాలి.