మార్చి ఇచ్చిన మదర్‌బోర్డు తీసుకోవాలా? కొనుగోలుదారు హక్కు చరిత్రలో ఒక ప్రశ్న

మీరు ఇబ్రహీంపట్నంలో ఉంటున్నారనుకోండి. చదువు కోసం పది నెలల కిందట కొన్న కంప్యూటరు ఒకరోజు ఆన్ కాలేదు. రింగ్ సెంటర్లో బస్సెక్కి విజయవాడలోని సర్వీస్ సెంటరుకు తీసుకువెళ్తే మదర్‌బోర్డు పోయిందన్నారు. వారంటీ ఉంది కాబట్టి డబ్బు కట్టనక్కరలేదు. రెండు వారాల తరవాత ఫోను వచ్చింది: "బోర్డు వచ్చిందండీ, వచ్చి సంతకం పెట్టి తీసుకెళ్లండి." తీరా వెళ్లి చూస్తే ఆ బోర్డు కంపెనీ పెట్టెలో లేదు, ఉత్త కవరులో ఉంది. కాగితం మీద 'రీఫర్బిష్డ్' అని రాసి ఉంది. అంటే ఇదివరకు ఎవరో వాడినదాన్ని బాగుచేసి, పరీక్షించి పంపారన్నమాట. పరీక్షలు నెల రోజుల్లో ఉన్నాయి. సంతకం పెట్టాలా, వద్దా?

చరిత్ర పాఠంలో ఈ ప్రశ్న ఎందుకని మీకు అనిపించవచ్చు. ఆ కౌంటరు దగ్గర నిలబడి 'వద్దు' అనే వీలు మీకు ఉండటం చాలా కొత్త సంగతి. కొన్న వస్తువు చెడిపోతే ఏం చేయాలో నిర్ణయించే అధికారం చాలాకాలం అమ్మినవాడి దగ్గరే ఉంది. అది కొన్నవాడి చేతికి ఎలా వచ్చిందో, ఎంతవరకు వచ్చిందో ఈ భాగంలో పరిశీలిద్దాం.

కంటితో చూసి కొన్న కాలం

మీ పక్కనే ఉన్న కొండపల్లికి వెళ్లి ఒక బొమ్మ కొనండి. తెల్ల పొణికి కర్రతో చేసిన ఆ బొమ్మను చేతిలోకి తీసుకుంటారు, తిప్పి చూస్తారు, అతుకు సరిగా ఉందో లేదో, రంగు చెదిరిందో లేదో గమనిస్తారు. నచ్చకపోతే పక్కన పెట్టి ఇంకొకటి తీస్తారు. లోపం ఉంటే మీ కంటికే కనిపిస్తుంది. 'కొనేవాడే జాగ్రత్తపడాలి' అనే పాత ఇంగ్లీషు న్యాయసూత్రం ఇలాంటి సంతల కోసం పుట్టినది. కొన్నవాడు చూసుకునే కొన్నాడు, తరవాత ఫిర్యాదు ఏమిటి అని దాని తర్కం.

ఈ సూత్రం ఎంత కఠినంగా ఉండేదో 1603 నాటి ఒక ఇంగ్లీషు తీర్పు చూపిస్తుంది. చాండెలర్, లోపస్ అనే ఇద్దరి మధ్య వివాదం అది. మేకజాతి జంతువుల కడుపులో దొరికే ఒక రకం రాయి విషానికి విరుగుడని ఆ రోజుల్లో నమ్మేవారు. అలాంటి రాయి అని చెప్పి ఒక స్వర్ణకారుడు నూరు పౌండ్లకు ఒక రాయి అమ్మాడు. అది అసలుది కాదని కొన్నవాడు కోర్టుకెక్కాడు. 'ఇది ఫలానా రాయి' అని అమ్మినవాడు ఊరికే చెబితే చాలదనీ, 'దీనికి నాది పూచీ' అని విడిగా మాట ఇచ్చి ఉండాలనీ న్యాయస్థానం తేల్చింది. 'వారంటీ' అన్న మాట బరువు అప్పటిది. పూచీ అని నోటితో అనకపోతే పూచీ లేనట్టే.

మదర్‌బోర్డును కొండపల్లి బొమ్మలా తిప్పి చూసి లాభం లేదు. దాని లోపం కంటికి కనిపించేది కాదు, చాలాసార్లు కాలం గడిస్తే గానీ బయటపడదు. యంత్రాలు వచ్చాక పాత సూత్రం సరిపోకపోవడానికి కారణం ఇదే.

1930 చట్టం: షరతు, వారంటీ, అంగీకారం

మన దేశంలో వస్తువుల అమ్మకానికి సంబంధించిన నిబంధనలు మొదట 1872 నాటి కాంట్రాక్టు చట్టంలో ఒక అధ్యాయంగా ఉండేవి. 1893లో బ్రిటన్ చేసుకున్న చట్టాన్ని నమూనాగా తీసుకుని 1930లో వస్తు విక్రయ చట్టాన్ని విడిగా చేశారు. అది నేటికీ అమలులో ఉంది. అందులో 12వ సెక్షన్ ఒప్పందంలోని మాటలను రెండు రకాలు చేసింది. ఒప్పందానికి ప్రాణమైనది షరతు. దానికి అనుబంధంగా ఉండేది వారంటీ. షరతు తప్పితే వస్తువును తిరస్కరించవచ్చు. వారంటీ తప్పితే నష్టపరిహారం అడగవచ్చు గానీ వస్తువును తిప్పికొట్టలేరు.

మన ప్రశ్నకు ఇంకా దగ్గరగా వచ్చేది 42వ సెక్షన్. కొనుగోలుదారు వస్తువును ఎప్పుడు 'అంగీకరించినట్టు' అది చెబుతుంది. అంగీకరించానని తెలియజేసినప్పుడు, సొంతదారులా దాన్ని వాడుకున్నప్పుడు, తిరస్కరిస్తున్నానని చెప్పకుండా తగినంత కాలం తన దగ్గరే ఉంచుకున్నప్పుడు. ఒకసారి అంగీకరిస్తే, సాధారణంగా షరతు తప్పినా వారంటీ తప్పినట్టుగానే లెక్క (13వ సెక్షన్). అంటే మౌనం కూడా ఒక జవాబే. బ్రిటన్ 1994లో తన చట్టాన్ని సవరించి, రిపేరుకు ఒప్పుకున్నంత మాత్రాన కొనుగోలుదారు వస్తువును అంగీకరించినట్టు కాదని స్పష్టంగా రాసుకుంది. మన 42వ సెక్షన్‌లో ఆ మాట లేదు. అందుకే కౌంటరు దగ్గర పెట్టే సంతకం గురించి ఇంత ఆలోచించవలసి వస్తోంది.

మీ అవసరం నిరూపించుకోండి: 1994

బోర్డు కథకు ముందు దాని మీద కూర్చునే ప్రాసెసరు కథ ఒకటి తెలుసుకోవాలి. అమెరికాలోని లించ్‌బర్గ్ కళాశాల గణితాచార్యుడు థామస్ నైస్లీ కవల ప్రధాన సంఖ్యల మీద పనిచేస్తూ, ఇంటెల్ వారి పెంటియం ప్రాసెసరు కొన్ని భాగహారాలలో తప్పు చేస్తోందని 1994లో కనుగొన్నాడు. లోపం ఉందని కంపెనీ కాదనలేదు. కానీ మామూలు వాడకందారుకు ఆ తప్పు 27,000 ఏళ్లకు ఒకసారి ఎదురవుతుందని లెక్క చెప్పింది. క్లిష్టమైన గణనలు చేస్తున్నామని చూపించినవారికే ప్రాసెసరు మారుస్తామంది.

ఇక్కడ కాస్త ఆగి ఆలోచించండి. లోపం కంపెనీది. కానీ అది నీకు ముఖ్యమా కాదా అని నిర్ణయించేది కూడా కంపెనీయే. నాలుగు వందల ఏళ్ల కిందటి స్వర్ణకారుడి వాదన దీనికంటే గొప్పగా ఏమీ లేదు.

జనం ఒప్పుకోలేదు. ఐబీఎం తన సొంత లెక్క వేసి, 24 రోజులకొకసారి కూడా తప్పు రావచ్చని చెప్పి, డిసెంబరు 12న ఆ ప్రాసెసరుతో ఉన్న కంప్యూటర్ల సరఫరా ఆపేసింది. డిసెంబరు 20న ఇంటెల్ దిగివచ్చింది. అడిగిన ప్రతివారికీ, కారణం అడగకుండా మార్చి ఇస్తామంది. ఇందుకోసం 47.5 కోట్ల డాలర్ల భారాన్ని లెక్కల్లో చూపింది. చాలామంది మార్పించుకోలేదు కూడా. ఆ సంగతే ముఖ్యం. వద్దనుకున్నదీ వాళ్లే, కావాలనుకున్నదీ వాళ్లే.

ఇప్పుడు అచ్చంగా మదర్‌బోర్డుల సంగతి. 2000 దశకం మొదట్లో లోపం ఉన్న కెపాసిటర్లు బోర్డుల మీద ఉబ్బి, పగిలిపోవడం ప్రపంచమంతా జరిగింది. 2005లో డెల్ కంపెనీ ఇలాంటి కంప్యూటర్ల మరమ్మతులకు 30 కోట్ల డాలర్లకు పైగా ఖర్చు చూపింది. పాత బోర్డు స్థానంలో వచ్చే బోర్డు మీద కూడా అదే రకం కెపాసిటర్లు ఉంటే మార్చి ప్రయోజనం ఏమిటి? మార్చి ఇచ్చిన వస్తువును కూడా పరీక్షించి తీసుకోవాలని మరమ్మతు చేసేవారు నేర్చుకున్నది ఆ రోజుల్లోనే.

2011 జనవరి 31న ఇంటెల్ మరో ప్రకటన చేసింది. అప్పుడే మార్కెట్లోకి వచ్చిన 6 సిరీస్ చిప్‌సెట్‌లో, హార్డ్ డిస్కులు తగిలించే సాటా పోర్టులలో కొన్ని కాలక్రమంలో బలహీనపడవచ్చని చెప్పింది. మరమ్మతులకు, మార్పిడికి కలిపి 70 కోట్ల డాలర్లు అవుతాయని అంచనా వేసింది. లోపం 2 నుంచి 5 వరకు ఉన్న పోర్టులలోనే. 0, 1 పోర్టులకు ఏమీ కాదు. అందువల్ల కొన్నవారి ముందు నిజమైన ఎంపిక నిలిచింది. ఒకటి రెండు డిస్కులే ఉన్నవారు వాటిని మంచి పోర్టులకు తగిలించుకుని, ఉన్న బోర్డునే ఉంచుకోవచ్చు. లేదా సరిచేసిన చిప్‌సెట్ వచ్చేదాకా ఆగి, కంప్యూటరంతా విప్పి బోర్డు మార్పించుకోవచ్చు. 1994లాగా 'మీ అవసరం నిరూపించండి' అనే మాట ఈసారి కంపెనీ అనలేదు. లోపాన్ని తనే ముందు బయటపెట్టింది. పదిహేడేళ్ల కిందటి దెబ్బ గుర్తుందని అనుకోవడం తప్పు కాదేమో.

1986 తరవాత మన దగ్గర

1930 చట్టం హక్కు ఇచ్చింది గానీ, దాన్ని సాధించుకోవాలంటే సివిల్ కోర్టుకు వెళ్లాలి. ఒక బోర్డు కోసం ఎవరు వెళతారు? 1986 డిసెంబరు 24న రాష్ట్రపతి ఆమోదం పొందిన వినియోగదారుల రక్షణ చట్టం ఈ లోటు పూడ్చింది. లోపాన్ని సరిచేయమని, లేదా అలాంటిదే లోపం లేని 'కొత్త' వస్తువు ఇవ్వమని, లేదా ధర వాపసు చేయమని ఆదేశించే అధికారాన్ని వినియోగదారుల ఫోరాలకు ఇచ్చింది. దాని స్థానంలో వచ్చిన 2019 చట్టంలోనూ (39వ సెక్షన్) ఇవే మాటలు ఉన్నాయి. జిరాక్స్ షాపు పెట్టుకుని సొంత శ్రమతో బతికేవారు కూడా వినియోగదారులేనని 1993 సవరణ వివరించింది.

'కొత్త' అన్న మాట దగ్గరే చిక్కు. చట్టం కొత్త వస్తువు అంటుంది. చాలా వారంటీ కార్డులు 'కొత్తది లేదా బాగుచేసినది' అంటాయి. చట్టం చెప్పినది కమిషన్ ఆదేశిస్తేనే అమలవుతుంది. కార్డులో ఉన్నది మీరు కొన్ననాడే ఒప్పుకున్న ఒప్పందం. పైగా మారుతి ఉద్యోగ్, సుశీల్ కుమార్ గబ్‌గోత్రా కేసులో 2006లో సుప్రీంకోర్టు, చెడిన భాగం మారిస్తే సరిపోయేచోట వారంటీ కింద మొత్తం వాహనాన్ని మార్చమనడం కుదరదని చెప్పింది. కాబట్టి బోర్డు పోయిందని కొత్త కంప్యూటరే కావాలని పట్టుబడితే సాధారణంగా నిలవదు. అదే లోపం మళ్లీ మళ్లీ వస్తుంటే మాత్రం వాదన వేరుగా ఉంటుంది.

2019 చట్టం తెచ్చిన ఒక మార్పు ఇబ్రహీంపట్నం వారికి బాగా పనికొస్తుంది. కంపెనీ కార్యాలయం ఏ బెంగళూరులోనో ఉన్నా, ఫిర్యాదుదారు నివసించే చోటే ఫిర్యాదు వేయవచ్చు. అంటే మీకు విజయవాడే చాలు. సమస్య తలెత్తిన రెండేళ్లలోపు వేయాలి.

ఇక కౌంటరు దగ్గరికి తిరిగి వెళదాం. పరీక్షలు దగ్గర పడ్డాయి కాబట్టి నేనైతే ఆ బోర్డు తీసుకుంటాను. కానీ సంతకం పక్కన 'రీఫర్బిష్డ్ బోర్డు ఇచ్చారు, పరీక్షించుకునే హక్కు ఉంచుకుని తీసుకున్నాను' అని తేదీతో రాస్తాను. బోర్డు సీరియల్ నంబరు రసీదు మీద వేయించుకుంటాను. అక్కడే ఆన్ చేయించి చూస్తాను. మీ డిస్కుకు బిట్‌లాకర్ తాళం ఉంటే దాని రికవరీ కీ ముందే రాసి పెట్టుకోండి. బోర్డు మారాక కంప్యూటరు అది అడగవచ్చు, లేకపోతే మీ ఫైళ్లు తెరుచుకోవు. వస్తువును పరీక్షించుకునే అవకాశం దక్కేవరకు అంగీకరించినట్టు కాదని 1930 చట్టం 41వ సెక్షన్ చెబుతోంది కాబట్టి, అక్కడ గడిపే ఆ అరగంట మీ హక్కే.

అభ్యాసం: మీ ఇంట్లో ఉన్న ఏదైనా విద్యుత్ వస్తువు వారంటీ కార్డు తీసి చదవండి. మార్చి ఇచ్చే భాగం కొత్తదా, బాగుచేసినదా అన్న విషయంలో అందులోని వాక్యాన్ని 2019 చట్టం 39వ సెక్షన్‌లోని మాటలతో పోల్చి ఒక పేజీకి మించకుండా రాయండి.