పొట్ట చీలినా ఎగురుతూనే ఉంది

ముంబై. 2018 అక్టోబరు 12. ఇంకా తెల్లారలేదు. తిరుచ్చి నుంచి దుబాయ్ చేరాల్సిన ఎయిరిండియా ఎక్స్‌ప్రెస్ బోయింగ్ 737 ఇక్కడికొచ్చి ఆగింది. కింద లైట్లు వేసి చూశారు. అడుగు రేకు చీలిపోయి నోరు తెరుచుకుని ఉంది. చక్రాల దగ్గర కంచె తీగ చుట్టుకుపోయి ఉంది. సిబ్బందితో కలిపి 136 మంది, నాలుగు గంటల పైచిలుకు, ఆ పొట్టతోనే ఎగిరొచ్చారు. ఒక్కరికీ దెబ్బ తగల్లేదు. మరి ఈ తీగ ఎక్కడిది?

తిరుచ్చిలో జవాబు అప్పటికే కూలిపడి ఉంది. రాత్రి ఒంటిగంటా ఇరవై ప్రాంతంలో రన్‌వే మీద దూసుకెళ్లిన విమానం, చివరంటా వెళ్లినా ఎత్తు అందుకోలేక, దిగే విమానాలకు దారి చూపే లోకలైజర్ యాంటెనాను విరగ్గొట్టి, ఆ వెనకే ప్రహరీ గోడ పైభాగాన్ని కంచె తీగతో సహా పెళ్లగించి, చీకట్లోకి లేచిపోయింది. గోడకు తగిలినట్టుందని కంట్రోల్ టవర్ హెచ్చరించింది. ఇక్కడంతా మామూలుగానే ఉందని కాక్‌పిట్ నుంచి జవాబు. అది అబద్ధం కాదు. పొట్టకు తగిలిన గాయాన్ని చూపించే మీటరు కాక్‌పిట్‌లో లేదు. విమానం సముద్రం మీదికి సాగిపోయింది. చివరికి ముందుజాగ్రత్తగా ముంబైకి మళ్లించారు.

గోడ సంగతి సరే. విమానం అంత ఆలస్యంగా ఎందుకు లేచింది?

కాక్‌పిట్ మాటల రికార్డరు చెప్పలేదు. అది రెండు గంటల మాటలే దాచుకుంటుంది. కొత్త మాటలు పాతవాటిని చెరిపేస్తాయి. టేకాఫ్ నాటి మాటలు ముంబై చేరేలోపే పోయాయి. ఇక మిగిలింది అంకెల రికార్డరు.

అక్కడ దొరికింది. వేగం సుమారు 117 నాట్లు, అంటే గంటకు 217 కిలోమీటర్లు. ఆ క్షణంలో ఇంజన్ల జోరు 98 శాతం నుంచి 77కి పడిపోయింది. ఇంజన్లలో లోపమా? కాదు.

కెప్టెన్ కుర్చీ. దాని వీపు ఉన్నట్టుండి వెనక్కి వాలిపోయింది. ఆయన చెయ్యి ఇంజన్ల లీవర్ల మీద ఉంది. మనిషితో పాటు చెయ్యి, చేతితో పాటు లీవర్లు వెనక్కొచ్చేశాయి. కుర్చీ సర్దుకునే హడావుడిలో ఆయన చూసుకోలేదు. పక్కనున్న కో-పైలటూ గమనించలేదు. లీవర్లను మళ్లీ ముందుకు నెట్టి ఉంటే చాలు, ఆ గోడ తప్పిపోయేది.