మన్రో గంగాళం

తిరుమల ప్రసాదం మాట వచ్చినప్పుడల్లా మా ప్రాంతపు పెద్దల నోట మన్రో గంగాళం ప్రస్తావన రాక మానదు. కడుపునొప్పితో బాధపడుతున్న మన్రో దొర స్వామివారి ప్రసాదం స్వీకరించి స్వస్థుడైనాడనీ, ఆ కృతజ్ఞతతో నిత్యం గంగాళం నిండుగా పొంగలి నివేదన జరిగేటట్లు ఒక గ్రామపు ఆదాయాన్ని కేటాయించాడనీ కథ. ఉద్యోగంలో ఉన్న రోజులలో తరగతిలో ఈ కథ చెప్పగా ఒక పిల్లవాడు లేచి, "అయ్యోరా, శిస్తు వసూలు చేసే తెల్లదొర పేరు సామి గంగాళానికి ఎందుకు పెట్టినారు?" అని అడిగాడు. "ఆయన మన చిత్తూరు కలెక్టరుగా ఉండి మంచి చేసినాడు నాయనా" అని చెప్పి కూర్చోబెట్టాను.

ఆ జవాబు తప్పు. మన్రో చిత్తూరు కలెక్టరు కాడు. ఆనాడు చిత్తూరు జిల్లాయే లేదు. అది 1911 ఏప్రిల్ 1న ఏర్పడింది. తిరుపతి, చంద్రగిరి ప్రాంతాలు 1801లో ఆర్కాటు నవాబు రాజ్యంతో పాటు కంపెనీ చేతికి వచ్చి ఉత్తర ఆర్కాటు జిల్లాలో చేరినవి. మన్రో పాలించినది దత్తమండలాలను. మదనపల్లె, వాయల్పాడు సీమలు మాత్రం ఆ దత్తమండలాలలో భాగం కనుక ఆయన ఏలుబడిలో ఉండినవి. విశ్రాంత జీవితంలో పుస్తకాలు తిరగవేయగా, నేను ఎన్నో ఏండ్లు చెప్పిన తప్పు నాకే బయటపడింది. ఆ పిల్లవాని ప్రశ్నకు సరియైన జవాబు బాకీ పడినాను. అది తీర్చుకొనడానికే ఈ టపా.

థామస్ మన్రో 1761 మే 27న స్కాట్లండులోని గ్లాస్గో నగరంలో జన్మించాడు. తండ్రి వర్తకుడు. అమెరికా స్వాతంత్ర్య యుద్ధంతో ఆ వ్యాపారం దెబ్బతిన్నది. కుమారుడు కంపెనీ పదాతిదళంలో క్యాడెట్టుగా చేరి 1780 జనవరిలో మద్రాసులో దిగాడు. ఆ సంవత్సరమే హైదరాలీ కర్ణాటకం మీదికి దండెత్తి వచ్చాడు. మన్రో సిపాయి జీవితం ఆ యుద్ధంతోనే మొదలైంది. 1782 డిసెంబరు 7న హైదరాలీ కన్నుమూసినది మన చిత్తూరుకు సమీపంలోని నరసింగరాయనిపేటలోనే.

టిప్పుతో జరిగిన యుద్ధం ముగిసి 1792లో బారామహల్ కంపెనీకి దక్కినపుడు, దాని పాలన సివిలు ఉద్యోగులకు కాక కెప్టెన్ అలెగ్జాండర్ రీడ్ అనే సైనికునికి అప్పగించారు. ఆయన సహాయకులలో మన్రో ఒకడు. దేశభాషలు తెలిసిన సివిలు ఉద్యోగులు అరుదుగా ఉన్న కాలమది. ఏడేండ్లు అక్కడ పొలాల గట్ల మీద తిరిగి మన్రో శిస్తు లెక్క నేర్చుకున్నాడు. రైతు పేర పట్టా వ్రాసి సర్కారు నేరుగా అతనితోనే లెక్క చూసుకునే రైత్వారీ పద్ధతికి పునాది అక్కడే పడింది. 1799లో కెనరాకు, 1800లో నిజాము కంపెనీకి ధారాదత్తం చేసిన మన సీమకు ప్రధాన కలెక్టరుగా వచ్చాడు. ఆ సీమకే దత్తమండలాలని పేరు. రాయలసీమ అన్న పేరు 1928లో నంద్యాలలో వచ్చినది.

నాడు ఇక్కడ 80 మంది పాళెగాండ్రు, వారి వెనుక సుమారు 30,000 మంది సాయుధులు ఉండినారు. మన్రో సైన్యాన్ని ప్రయోగించి వారి బలాన్ని విరిచాడు. కొందరిని వెళ్ళగొట్టాడు, కొందరికి భరణాలిచ్చి కూర్చోబెట్టాడు. ఆ భరణాల చిచ్చు అంతటితో ఆరలేదు. నొస్సం పాళెగాని భరణంలో తమకు రావలసిన భాగాన్ని కంపెనీ నిరాకరించడం 1846లో ఉయ్యాలవాడ నరసింహారెడ్డి తిరుగుబాటుకు ఒక కారణమైంది. మన్రో పేరు తలచేవారు ఈ సంగతిని విస్మరించరాదు.

మరొకవైపు ఆయన ఏడేండ్లలో అధికభాగం గుడారాలలోనే గడిపాడు. ఊరూరా తిరిగి, భూమిని కొలిపించి, రైతు మాట స్వయంగా విన్నాడు. అయినా ఆయన నిర్ణయించిన శిస్తు తేలికైనది కాదు. పంటలో ఇంచుమించు 45 శాతం. అది భారమని గ్రహించి, నాలుగవ వంతు తగ్గించి మూడవ వంతు పంటకు దింపాలని 1807లో తానే వ్రాశాడు. పైవారు వినలేదు. ఆయన ఇంగ్లండుకు వెళ్ళిన తరువాత గ్రామాలను మొదట మూడేండ్ల, పిదప పదేండ్ల కౌలుకు ఇచ్చారు. ఎందరో చితికిపోయారు.

మన్రో 1814లో మరల వచ్చాడు. మరాఠాలతో 1817-18లో జరిగిన యుద్ధంలో బ్రిగేడియర్ జనరలుగా స్వల్ప సైన్యానికి స్థానిక బంట్రోతులను జతచేసుకొని ధార్వాడ ప్రాంతపు కోటలను పట్టాడు. మేజర్ జనరలై, సర్ బిరుదు పొంది, 1820 జూన్‌లో మద్రాసు గవర్నరైనాడు. పదమూడేండ్ల క్రితం తాను అడిగిన తగ్గింపును తానే అమలు చేశాడు. నా దృష్టిలో ఆయన జీవితానికి ఇదే శిఖరం. తన లెక్కలోని భారాన్ని తానే ఒప్పుకొని, అధికారం చేతికి వచ్చిన రోజున ఆ మాట మరవని దొరలు ఎందరున్నారు?

తెలుగువారికి మరొక ఋణం కూడా ఉన్నది. 1820లో సెయింట్ జార్జి కోట కళాశాలలో, ఉద్యోగులు దేశభాషలు నేర్చితీరాలని ఆయన చేసిన ఉపన్యాసం విన్న యువకులలో సి.పి. బ్రౌన్ ఒకడు. ఆ సంవత్సరమే బ్రౌన్ కడపకు వచ్చాడు. తరువాతి కథ మనకు తెలిసినదే. మన్రో 1822లో బడుల లెక్క తీయించగా మద్రాసు రాజధానిలో 12,498 పాఠశాలలు తేలినవి. ఆ లెక్క చదివినప్పుడు బడిపంతులుగా నా మనసు పులకించింది.

ఇక తిరుమల సంగతి. మన్రోకు తిరుపతి మీద అధికారం ఉన్నది గవర్నరుగా 1820 నుండి 1827 వరకే. 1870 వరకు ఐరోపావారు కొండ ఎక్కలేదని పాత జిల్లా గ్రంథాలు చెప్పుతున్నవి. కనుక ఆయన సన్నిధిలో నిలిచాడన్న మాట నేను చెప్పను. పైగా ఆ కాలంలో ఆలయపు ఖర్చులు పోగా మిగిలిన సొమ్ము కంపెనీ ఖజానాకే చేరేది. ఆలయ పరిపాలనకు నిబంధనలు కూర్చిన బ్రూసు కోడు 1821లో, అనగా ఆయన గవర్నరుగా ఉండగానే వచ్చింది. 1843లో కంపెనీ ఆలయాన్ని హాథీరాంజీ మఠం మహంతులకు అప్పగించేవరకు ఈ ఏర్పాటు సాగింది. కొండ సొమ్ము తీసుకున్న ప్రభుత్వానికి అధిపతిగా ఉన్నవాని పేరే కొండ మీది గంగాళానికి నిలిచింది.

మరి జనం ఎందుకు నిలిపారు? కడప సీమలో పిల్లలకు మన్రోలప్ప అని పేర్లు పెట్టుకున్నారు. మంత్రాలయంలో రాఘవేంద్రస్వామి ఆయనతో మాట్లాడారని చెప్పుకున్నారు. గండిలో ఆయనకు బంగారు తోరణం కనిపించిందని చెప్పుకున్నారు. కనుమరుగు కానున్నవారికే అది కనిపిస్తుందట! 1827 జూలై 6న పత్తికొండలో కలరా సోకి ఆయన మరణించాడు. సెలవు పుచ్చుకొని స్వదేశం వెళ్ళబోతూ తన పాత రైతులను ఒకసారి చూడవచ్చిన ప్రయాణమది. గుత్తిలో సమాధి చేసి, 1831లో అస్థికలను మద్రాసుకు తరలించారు.

నాయనా, నీ ప్రశ్నకు ఇది నా జవాబు. మన్రో పరాయి ప్రభుత్వపు సిపాయి. దాని ఖజానా నింపడానికే వచ్చాడు, నింపాడు. కానీ రైతును పేరుతో పిలిచి లెక్క చూసినవారు అంతకు ముందు అరుదు, తరువాతా అరుదే. ఆ అరుదైనతనాన్ని చరిత్రగా వ్రాసుకునే వీలు లేని జనం కథగా వండుకొని స్వామి గంగాళంలో పెట్టారు. గంగాళం కథ ఎంతవరకు నిజమో తేలకపోయినా, పాలకుని నుండి ఆ జనం కోరుకున్నది ఏమిటో అందులో నిజంగానే ఉన్నది.

ఇందులో పొరపాట్లుంటే బ్లాగ్మిత్రులు నిస్సంకోచంగా దిద్దగలరు. ఒకసారి తప్పు చెప్పినవాడిని. దిద్దుకొనడానికి సిద్ధంగానే ఉన్నాను.