చూసింది కాగితం మీదికెక్కించినవారు



ప్రత్యేక సంచికకు చరిత్ర విషయమేదైనా రాయమని సంపాదకవర్గం వారు కోరగా, నాకు రాజులూ సేనానులూ తోచలేదు. మనవంటి ఒక ఉద్యోగి తోచాడు. ఆయన పేరు ఆంటోనీ వాన్ లీవెన్‌హుక్.

హాలెండు దేశంలోని డెల్ఫ్ట్ పట్టణంలో 1632లో పుట్టిన ఈయన మొదట బట్టల వ్యాపారి. 1660లో పట్టణ అధికారుల సమావేశ మందిరాన్ని చూసుకునే ఉద్యోగంలో చేరాడు. 39 ఏళ్లు చేసిన ఆ కొలువు జీతం ఆయనకు కడదాకా ముట్టిందట. పింఛనుదారులకు ఆ మాట వినసొంపుగా ఉంటుంది!

ఆయనకు లాటిన్ రాదు, కళాశాల చదువు లేదు. అయినా తీరిక వేళల్లో చిన్న గాజు కటకాలు తానే అరగదీసి, ఇత్తడి రేకుల మధ్య బిగించి సూక్ష్మదర్శినులు చేశాడు. మనకు మిగిలిన వాటిలో ఒకటి వస్తువును సుమారు 270 రెట్లు పెద్దదిగా చూపుతుంది. నీటిబొట్టులో కంటికానని ప్రాణులు కదులుతున్నాయని 1676లో లండన్ రాయల్ సొసైటీకి డచ్చి భాషలో ఉత్తరం రాశాడు. నమ్మేవారేరీ? తన వెంట కళ్లారా చూసిన పెద్దమనుషుల వాఙ్మూలాలు కూడా పంపవలసి వచ్చింది. 1677లో రాబర్ట్ హుక్ స్వయంగా చూసి నిజమేనన్న తరువాతే సందేహం తీరింది. 1680లో సొసైటీ ఆయనను సభ్యునిగా ఎన్నుకుంది.

బొమ్మ గీయడం తనకు చేతకాదని లీవెన్‌హుక్ దాచుకోలేదు. జీతమిచ్చి చిత్రకారుల చేత గీయించాడు. 1683 సెప్టెంబరు 17 నాటి లేఖలో, తన పళ్ల మీది పాచిలోనూ, జన్మలో పళ్లు తోమని ఒక ముసలాయన నోటిలోనూ కనిపించిన ప్రాణుల సంగతి రాసి, బొమ్మలు జతచేశాడు. కడ్డీల వంటివి కొన్ని, గుండ్రనివి కొన్ని, మెలితిరిగినది ఒకటి. ఒకటి కదిలిన దారిని చుక్కల గీతతో చూపారు. ఈనాటి శాస్త్రజ్ఞులు ఆ బొమ్మలు చూసి ఇవి ఫలానా రకం బ్యాక్టీరియా అని పోల్చగలుగుతున్నారు.

కటకాలు చేసే రహస్యాలు కొన్నింటిని ఆయన ఎవరికీ చెప్పకుండానే 1723లో కన్నుమూశాడు. పనితనం ఆయనతో పోయింది, బొమ్మలు నిలిచాయి. వాటిని గీసినవారి పేర్లు మాత్రం ఆ ఉత్తరాలలో కనబడవు. ఫెయిర్ కాపీ రాసిన గుమాస్తా పేరు ఫైలులో ఉండదు కదా!

చూసినదాన్ని వెంటనే గీసి ఉంచే ఈ ఆనవాయితీ మన గడ్డ మీద కూడా ఫలించింది. మలేరియా రోగుల రక్తంలోని క్రిమిని 1880లో అల్జీరియాలో లావెరాన్ చూసి బొమ్మలు గీశాడు. అది మనిషికెలా చేరుతోందన్న ప్రశ్న మిగిలింది. 1897 ఆగస్టు 20న సికింద్రాబాదులో రోనాల్డ్ రాస్, రోగిని కుట్టిన దోమను కోసి, దాని పొట్ట గోడలో నల్లని రేణువులున్న కణాలను చూశాడు. చూసిన రోజే నోటు పుస్తకంలో బొమ్మలు గీసి పెట్టాడు. ఆ పేజీ నేటికీ భద్రంగా ఉంది. 1902లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది.

రికార్డుల మధ్య ఉద్యోగజీవితం గడిపిన నాకు ఇందులో తెలిసిందొకటే. కన్ను చూసింది కంటితోనే పోతుంది, కాగితం మీదికెక్కిందే తరువాతివారికి సాక్ష్యమవుతుంది. మన మనవలు సైన్సు రికార్డు పుస్తకంలో పెన్సిలుతో అమీబా బొమ్మ గీస్తుంటే, మార్కుల కోసం చేసే పనేలే అని తేలికగా తీసుకోకండి. ఒక్క నిమిషం పక్కన కూర్చుని ఈ కథ చెప్పండి.