ఓర్పు పేరిట దాగిన వ్యాధి

నెలసరి దినములలో ఆడపిల్ల కడుపు పట్టుకొని పండుకొన్నచో, ఇంటిలోని పెద్దలు చెప్పు మాట యొకటి కలదు: "ఆడపుట్టువు పుట్టిన తరువాత తప్పదమ్మా, ఓర్చుకోవలెను." ఆ మాటలో దయ లేకపోలేదు. కాని ఎండోమెట్రియోసిస్ అను వ్యాధి ఇన్నియేండ్లు మరుగుపడి యుండుటకు ఆ మాటయు నొక కారణము.

గర్భాశయమునకు లోపల ఒక పొర కలదు. అది ప్రతిమాసమును పెరిగి, గర్భము నిలువనిచో రక్తముతో కూడ వెలికి పోవును. అట్టి పొరను బోలిన కణజాలము అండాశయముల మీదను, కడుపులోపలి పొర మీదను, ఒక్కొక్కప్పుడు ప్రేగుల మీదను పెరుగుటయే ఈ వ్యాధి. అక్కడ స్రవించిన రక్తమునకు వెలుపలికి దారి లేదు. అందుచేత వాపును, నొప్పియు కలిగి, అవయవము లొకదానికొకటి అతుకుకొనును. కొందఱికి సంతానము కలుగుట కష్టమగును.

1860లో వియన్నా నగరమున కార్ల్ ఫాన్ రోకిటాన్‌స్కీ అను శాస్త్రజ్ఞుడు గర్భాశయపు గోడలో ఇట్టి కణజాలమును వర్ణించెను. అమెరికాలోని ఆల్బనీ నగర వైద్యుడు జాన్ శాంప్సన్, 1921లో అండాశయములందు పాతరక్తముతో నిండిన చాక్లెట్ రంగు తిత్తులను గూర్చి వ్రాసెను. నెలసరి రక్తము కొంత అండవాహికల గుండా వెనుకకు పోయి కడుపులో నాటుకొనునని 1927లో ప్రతిపాదించెను. నేటికిని అది ముఖ్యసిద్ధాంతమే. ఐనను రక్త మట్లు వెనుకకు పోవుట చాలమంది స్త్రీలలో జరుగునదే; కొందఱికే వ్యాధి ఏల వచ్చునో అది చెప్పజాలదు.

సూక్ష్మదర్శిని చూపిన నిజమునకు లోకుల యభిప్రాయము అడ్డు వచ్చెను. ఇది ఆలస్యముగా పెండ్లాడి, ఆలస్యముగా బిడ్డలను కను సంపన్న స్త్రీల వ్యాధియని అమెరికా వైద్యులలో పలువురు తలచిరి. నల్లజాతి స్త్రీలకు అరుదనిరి. వారి నొప్పిని అంటువ్యాధిగా నెంచిరి. 1976లో డొనాల్డ్ చాట్‌మన్ అను వైద్యుడు కడుపులోనికి దర్శినిని పంపి పరీక్షించి, అట్టివారిలో పలువురికి ఉన్నది ఎండోమెట్రియోసిస్సేయని ప్రకటించెను. వ్యాధి అరుదు కాదు; వెదకుటయే అరుదు. 1980లో మిల్వాకీ నగరమున రోగులైన స్త్రీలే ఒక సంఘముగా నేర్పడి తమ బాధను తామే చెప్పుకొన మొదలిడిరి.

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారము ప్రసవయోగ్య వయస్సు గల స్త్రీలలో నూటికి పదిమందికి, అనగా సుమారు 19 కోట్లమందికి, ఈ వ్యాధి కలదు. నొప్పి మొదలైన పెక్కేండ్లకు గాని పలువురికి దాని పేరు తెలియదు. పూర్తిగా మాన్పు చికిత్స ఇంకను లేదు. హార్మోను మందులును, శస్త్రచికిత్సయు బాధను తగ్గింపగలవు. శస్త్రచికిత్సతో నిర్ధారించువరకు మందులు ఆపనక్కఱలేదని 2022లో ఐరోపా వైద్యులు సూచించిరి.

కావున తల్లులారా, మీ యమ్మాయి ప్రతినెలయు నొప్పిచే బడి మానుచున్నచో, "ఓర్చుకో" అనుటకు ముందు "ఎక్కడ నొప్పి? ఎన్నినాళ్ల నుండి?" అని యడుగుడు. ఆ సమాధానమును వైద్యునికి వినిపింపుడు. నూఱేండ్లకు పైబడిన ఈ చరిత్రలో కొఱవడినది అట్లు వినువారే.