కొత్త విండోస్ వేశాక కంప్యూటర్ ఆన్ కావట్లేదా? ఫార్మాట్ కొట్టే ముందు ఇవి చూడండి!

కంప్యూటర్‌లో కొత్తగా విండోస్ వేశారు. రీస్టార్ట్ అయింది. అంతే.. నల్ల స్క్రీన్ మీద ‘నో బూటబుల్ డివైజ్’ అనే మెసేజ్ తప్ప ఇంకేమీ రావట్లేదు. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ సాధారణ సపోర్ట్ ఆపేసింది. దీంతో పాత కంప్యూటర్‌ను విండోస్ 11కి మార్చేటప్పుడు కొందరికి ఈ తలనొప్పి ఎదురవుతోంది. ఇలాంటప్పుడు కంగారుపడి మళ్లీ ఫార్మాట్ కొట్టేస్తుంటారు. అసలు నష్టం అక్కడే జరుగుతుంది. కంప్యూటర్ ఆన్ కానంత మాత్రాన అందులోని ఫోటోలు, ఫైల్స్ పోయినట్టు కాదు. మరి ఏం చేయాలో ఒక్కొక్కటిగా చూద్దాం.

అసలు ఎందుకు ఆన్ కాదు?

పవర్ బటన్ నొక్కగానే ముందు పని మొదలుపెట్టేది విండోస్ కాదు, మదర్‌బోర్డ్‌లో ఉండే బయోస్. ఇప్పటి కంప్యూటర్లలో దీని కొత్త రూపమే యూఈఎఫ్‌ఐ. ఇది ర్యామ్, డిస్క్ లాంటివి చెక్ చేసి, విండోస్ ఎక్కడుందో వెతికి దానికి పని అప్పగిస్తుంది. ఈ అప్పగింత దగ్గర తేడా వస్తే, డిస్క్‌లో విండోస్ భద్రంగా ఉన్నా కంప్యూటర్ ఆన్ కాదు. ఆన్ చేయగానే కంపెనీ లోగో కనిపిస్తోందంటే బయోస్ పనిచేస్తున్నట్టే. లోగో కూడా రాకపోతే మాత్రం సమస్య ర్యామ్, డిస్‌ప్లే లాంటి హార్డ్‌వేర్‌లో ఉండొచ్చు.

1. ముందు పెన్‌డ్రైవ్ తీసేయండి

ఇన్‌స్టాల్ చేయడానికి వాడిన పెన్‌డ్రైవ్ ఇంకా అలాగే ఉంటే, కంప్యూటర్ దాన్నే మళ్లీ మళ్లీ ఓపెన్ చేస్తుంది. అందుకే ఇన్‌స్టలేషన్ మొదటికి వస్తుంటుంది. పెన్‌డ్రైవ్‌తో పాటు ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్‌లు, మెమరీ కార్డులు కూడా తీసేసి రీస్టార్ట్ చేయాలి.

2. బయోస్‌లో డిస్క్ కనిపిస్తోందా?

ఆన్ చేయగానే ఎఫ్2 లేదా డిలీట్ బటన్ నొక్కుతూ ఉంటే బయోస్ ఓపెన్ అవుతుంది. కంపెనీని బట్టి ఈ బటన్ మారుతుంది. అందులో మీ డిస్క్ పేరు కనిపిస్తే, బూట్ ఆర్డర్‌లో ‘విండోస్ బూట్ మేనేజర్’ను మొదటి స్థానంలో పెట్టి సేవ్ చేయాలి. డిస్క్ పేరే లేకపోతే కేబుల్ వదులైందేమో, డిస్క్ పాడైందేమో చూడాలి. అలాంటప్పుడు విండోస్‌ను ఎన్నిసార్లు వేసినా ఫలితం ఉండదు.

3. మోడ్ మారిందా?

విండోస్ 11కి యూఈఎఫ్‌ఐ, సెక్యూర్ బూట్ సదుపాయం, టీపీఎం 2.0 ఉండాలి. అందుకని కొందరు బయోస్‌లో లెగసీ మోడ్‌ను యూఈఎఫ్‌ఐకి మార్చేస్తారు. దీంతో అప్పటిదాకా బాగా నడిచిన విండోస్ కూడా ఆగిపోతుంది. ఎందుకంటే లెగసీలో నడిచే డిస్క్ ఎంబీఆర్ అనే పాత పద్ధతిలో ఉంటుంది. యూఈఎఫ్‌ఐలో విండోస్ ఆన్ కావాలంటే జీపీటీ పద్ధతి కావాలి. మోడ్‌ను తిరిగి లెగసీకి మారిస్తే పాత విండోస్ మామూలుగా ఆన్ అవుతుంది.

ఇక్కడే జాగ్రత్త! ‘ఈ డిస్క్‌లో ఎంబీఆర్ ఉంది, విండోస్ వేయడం కుదరదు’ అని ఇన్‌స్టలేషన్‌లో మెసేజ్ వస్తే చాలామంది పార్టిషన్లన్నీ డిలీట్ చేసేస్తారు. అలా చేస్తే సి డ్రైవ్ ఒక్కటే కాదు, అదే డిస్క్‌లోని డి, ఇ డ్రైవ్‌ల డేటా కూడా పోతుంది. డేటా పోకుండా డిస్క్‌ను జీపీటీకి మార్చేందుకు విండోస్‌లోనే ‘ఎంబీఆర్ టు జీపీటీ’ అనే టూల్ ఉంది. అయినా సరే, ముందు బ్యాకప్ తీసుకున్నాకే దాన్ని వాడాలి.

4. స్టార్టప్ రిపేర్

లోగో వచ్చి అక్కడే ఆగిపోతుంటే స్టార్టప్ రిపేర్ ట్రై చేయొచ్చు. వరుసగా రెండు మూడుసార్లు ఆన్ కాకపోతే రికవరీ స్క్రీన్ దానంతట అదే రావొచ్చు. రాకపోతే ఇన్‌స్టలేషన్ పెన్‌డ్రైవ్ పెట్టి, ఇన్‌స్టాల్‌కు బదులు రిపేర్ ఆప్షన్ ఎంచుకోవాలి. ట్రబుల్‌షూట్, అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌లోకి వెళ్తే స్టార్టప్ రిపేర్ కనిపిస్తుంది. ఫార్మాట్ చేయకుండా విండోస్ 10 నుంచి 11కి అప్‌గ్రేడ్ అయిన వాళ్లకు, మామూలుగా 10 రోజుల్లోపు పాత వెర్షన్‌కు వెళ్లే అవకాశం కూడా ఉంటుంది.

5. 48 అంకెల కీ అడుగుతోందా?

బయోస్‌లో మార్పులు చేశాక కొన్ని కంప్యూటర్లు బిట్‌లాకర్ రికవరీ కీ అడుగుతాయి. ఇది వైరస్ కాదు, డిస్క్‌కు వేసిన తాళం. కంప్యూటర్‌లో వాడిన మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో ఫోన్‌లో లాగిన్ అయితే ఆ కీ దొరికే అవకాశం ఉంది. ఆఫీస్ ల్యాప్‌టాప్ అయితే ఐటీ విభాగాన్ని అడగాలి. కీ పోతే దాన్ని మైక్రోసాఫ్ట్ కూడా తిరిగి ఇవ్వలేదు. కాబట్టి బయోస్ సెట్టింగ్స్ ముట్టుకునే ముందే ఆ కీని రాసి పెట్టుకోవడం మంచిది.

ఏదీ పనిచేయకపోతే?

ముందు ఫైల్స్ బయటకు తీయాలి. వేరే కంప్యూటర్‌లో ఉబుంటు పెన్‌డ్రైవ్ తయారుచేసుకుని, ఇన్‌స్టాల్ చేయకుండా ‘ట్రై’ ఆప్షన్‌తో ఓపెన్ చేస్తే డిస్క్‌లోని ఫైల్స్ కనిపిస్తాయి. వాటిని ఎక్స్‌టర్నల్ డిస్క్‌లోకి కాపీ చేసుకోవచ్చు. బిట్‌లాకర్ ఉంటే మాత్రం దీనికీ కీ కావాల్సిందే. ఒకవేళ పొరపాటున ఫార్మాట్ అయిపోయి ఉంటే ఆ డిస్క్‌ను ఇక వాడకండి. కొత్త డేటా చేరే కొద్దీ పాత ఫైల్స్ దొరికే అవకాశం తగ్గిపోతుంది. ఎస్‌ఎస్‌డీ అయితే మరీ కష్టం.

రిపేర్ షాప్‌కు తీసుకెళ్తే ముందే ఒక మాట చెప్పండి.. ‘డేటా కావాలి, అడగకుండా ఫార్మాట్ చేయొద్దు’ అని. విండోస్‌ను ఎప్పుడైనా మళ్లీ వేసుకోవచ్చు. కానీ, బ్యాకప్ లేని ఫోటోలు పోతే మళ్లీ రావు!