ప్రాచీనాస్థులు – ప్రజల వలసలు

తెలంగాణపు పల్లెలలో ఊరివెలుపలి బండగూళ్లను జూపి “ఇవి రాకాసిగుళ్లు” అని పెద్దలు చెప్పుట చదువరులలో పెక్కుమంది వినియుందురు. నిజమున కవి రాక్షసులు కట్టినవి కావు. రెండు మూడువేల యేండ్లకు పూర్వము, ఇనుము నెరిగిన మనుష్యులు తమ మృతులకు గట్టిన సమాధులు. మా చొప్పదండికి దూరము కాని ధూళికట్టలోను పెద్దబొంకూరులోను వి. వి. కృష్ణశాస్త్రిగారు త్రవ్వించినప్పుడు శాతవాహనుల కాలపు కట్టడములును నాణెములును బయల్పడినవి. వారేమి కట్టిరో, ఏ నాణెములు వాడిరో మనకు దెలిసినది. కాని వారెవరి సంతతివారు? నేడు మా బడిలో ప్రక్కప్రక్కల గూర్చుండు పిల్లలలో నెవరికి పూర్వులు? ఈ ప్రశ్నకు నాణెము బదులు చెప్పజాలదు. చెప్పినచో ఎముకయే చెప్పవలెను.

ఎముకలోను దంతములోను డీ.ఎన్.ఏ. యను పదార్థము మిగులుల సూక్ష్మముగ నిమిడియుండును. అది తలిదండ్రులనుండి బిడ్డకు సంక్రమించు నాలుగక్షరముల వ్రాత. ప్రాణము పోయిన నాటనుండియు నావ్రాత తునుకలు తునుకలుగ విరుగుచుండును. వేడియు తేమయు నెక్కువైనకొలది త్వరగా విరుగును. తునుకల కొసలయందు నొక యక్షరము మరియొకటిగ మారుచుండును. విచిత్రమేమనగా, ఈ చెడుటయే పరీక్షకులకు సాధనమైనది. ఎముకలోని పాతవ్రాత యేదో, త్రవ్వినవాని చేతినుండి యంటిన క్రొత్తవ్రాత యేదో దీనివలననే గుర్తింతురు. ఈ విద్యకు పునాది వేసిన స్వాంటే పేబోగారు 2022లో నోబెల్ బహుమానము నందిరి.

మంచుదేశము లీ విద్యకు భాండాగారములు. గ్రీన్‌లాండు పడమటి తీరమున 1986లో డెన్మార్కు పండితులు త్రవ్వగా గడ్డకట్టిన నేలలో గుప్పెడు తలవెండ్రుకలు దొరికినవి. అవి కోపెన్‌హాగన్ మ్యూజియములో ఇరువదియేండ్లకు పైగా పడియుండెను. 2010లో ఎస్కే విల్లర్స్‌లెవ్‌గారి బృందము ఆ వెండ్రుకలనుండి సుమారు నాలుగువేల యేండ్లనాటి యొక పురుషుని జన్యులిపిని చాలభాగము చదివినది. అతని కన్నులు గోధుమవన్నెవనియు, అతనికి బట్టతల రాదగిన లక్షణమున్నదనియు గూడ వారు చెప్పగలిగిరి. అంతకంటె ముఖ్యమైనది వేరొకటి. అతని దగ్గరి చుట్టములు నేడు గ్రీన్‌లాండులో నున్న ఇన్యూట్ జనులు కారు; సైబీరియా ఈశాన్యపు మూలనున్న చుక్చీ, కొర్యాక్ జనులు. అతని పూర్వులు సుమారు 5,500 ఏండ్లక్రిందట ఆసియానుండి అమెరికాకు దాటిన ప్రత్యేకమైన వలసకు జెందినవారు.

2014లో మానస రాఘవన్ మొదలగు పరిశోధకులు ఉత్తరధ్రువప్రాంతపు 169 ప్రాచీనావశేషములను పరీక్షించి ఈ కథను పొడిగించిరి. ఆ తొలివారు ఇతరులతో గలయక, దాదాపు నాలుగువేల యేండ్లు మంచులో తమంతట తామే జీవించిరి. వారిలో మాతృవంశభేదములు మిక్కిలి తక్కువగా గనబడినవి. ఇన్యూట్‌ల పూర్వులు అలాస్కానుండి వచ్చి వ్యాపించినపిమ్మట, ఇప్పటికి సుమారు 700 ఏండ్లకు పూర్వము, వారి జాడ యచ్చట లేకపోయినది. ఏకాంతమే వారిని నశింపజేసినదని మేమనము. కాని వేలయేండ్లు తలుపులు మూసికొని యుండుట యొక జనమునకు సాధ్యమేనని మాత్రము దీనివలన దెలియుచున్నది. అట్టి జనమును జూచుటకు మనము ధ్రువముదాక పోనక్కరలేదు.

మనయెండలో ఎముక యింతకాలము మాటాడదు. సింధునాగరకతకు జెందిన రాఖీగఢీలో 61 అవశేషములను పరీక్షింపగా నొక్క స్త్రీ యవశేషమునుండి మాత్రమే చదువదగిన వ్రాత దొరికినది. ఆ ఫలితము 2019లో వెలువడినది. మంచున్నచోట మనదేశమునను కథ వేరు. హిమాలయములందు అయిదువేల మీటర్ల యెత్తుననున్న రూప్‌కుండ్ సరస్సులో చెదరియున్న యెముకలనుగూర్చి, నందాదేవి యాగ్రహమునకు గురియైన రాజపరివార మని యచ్చటివారి గాథ. హైదరాబాదునందలి సీ.సీ.ఎం.బీ. పరిశోధకులు గూడ బాల్గొని 38 మంది యెముకలను చదువగా, 23 మంది క్రీ. శ. 800 ప్రాంతపు భారతీయులనియు, 14 మంది 1800 ప్రాంతమున మరణించిన తూర్పు మధ్యధరాతీరపు వంశీయులనియు 2019లో తేలినది. ఒక్క రాజు, ఒక్క వడగండ్లవాన యను కథ యిక నిలువదు.

ఎముక మౌనమువహించినచోట జీవించియున్నవారి రక్తమే చరిత్రపుస్తకము. సీ.సీ.ఎం.బీ.కి జెందిన లాల్జీసింగ్, కుమారస్వామి తంగరాజ్‌గారలు అమెరికాలోని డేవిడ్ రైక్‌గారితో గలసి 2009లో 25 జనసముదాయములను పరిశీలించిరి. అందు మాలలు, మాదిగలు, వెలమలు, వైశ్యులు, కంసాలులు, చెంచులు మొదలగు తెలుగువారును గలరు. దాదాపు అందరియందును రెండు ప్రాచీనజనముల రక్తము గలసియే యున్నది, భేదము పాళ్లలోనే. 2013లో తేలిన దేమనగా, ఈ కలయిక 1,900 మొదలు 4,200 ఏండ్లక్రిందటివరకు జరిగినది, తరువాత నిలిచిపోయినది. పెండ్లిచూపులనాడు “మావి శుద్ధవంశములు” అని మీసము దువ్వు పెద్దమనుష్యులు దీనిని విననొల్లరు. మనము అనాదియనుకొను కట్టుబాటు, అందరును గలసిన పిమ్మట మనుష్యులు వేసికొన్న గడియ.

ఆ గడియకు మనము వెల యిచ్చుచున్నాము. తెలుగుదేశపు వైశ్యులు సుమారు నూరు తరముల క్రిందట కొలదిమంది మూలపురుషులనుండి విస్తరించి, నాటినుండి ఇతరులతో గలయలేదని 2009 నాటి పరిశోధనయే చెప్పినది. వారిలో కొందరి రక్తమునందు బ్యూటిరిల్ కోలినెస్టరేజ్ అను ద్రవ్యము లోపించియుండును. నిత్యజీవితమున దీనివలన బాధ లేదు. కాని శస్త్రచికిత్సకుముందు కండరములను సడలించుట కిచ్చు సక్సినైల్ కోలిన్ మందు, నిమిషములలో విరిగిపోవలసినది, వీరియందు గంటలకొలది నిలిచి యూపిరి నడ్డును. యంత్రముతో శ్వాస నిలుపనిచో ప్రాణాపాయము. ఇది వైశ్యుల దోషము కాదు. ఒక సముదాయమును పేర్కొనినది పరీక్ష యచ్చట ముందు జరిగినందుననే. 2017లో 260కి మించిన దక్షిణాసియా సముదాయములను జూడగా 81 సముదాయములు ఇట్టి యిరుకుద్వారమునుండియే వచ్చినవని తేలినది. వానిలో పదునాలుగింటి జనసంఖ్య పదిలక్షలకు మించినది.

మేనరికము మానుడని సంస్కర్తలు చిరకాలముగ బోధించుచున్నారు; మంచిదే. కాని ఇట్టి సముదాయములలో చుట్టరికమేమియు నెరుగని వధూవరులును నూరుతరములవెనుక నొకే పూర్వునికి మనుమలు గావచ్చును. అష్కెనాజీ యూదులును ఇట్టివారే. వారు వివాహమునకుముందే రక్తపరీక్ష చేయించుకొను నాచారము నేర్పరచుకొని, పసిబిడ్డలను జంపు టే-శాక్స్ వ్యాధిని తమలో చాలవరకు తొలగించుకొనిరి. మనయిండ్లలో జాతకములు, నక్షత్రములు, గోత్రములు అన్నియు జూతురు. ఈ పరీక్షనుగూర్చి యడుగువారు అరుదు. హైదరాబాదులోని నిమ్స్ ఆసుపత్రియందు జన్యువైద్యశాఖ గలదు. మత్తుమందు పుచ్చుకొనబోవువారు, తమ బంధువులలో నెవరికైన శస్త్రచికిత్సానంతరము ఊపిరి తిరుగుట యాలస్యమైనదా యని యింటి పెద్దల నడిగి, ఆ మాటను ముందుగనే వైద్యునితో జెప్పవలెను.